క్విజ్ కాదు, హార్నెస్ చేతికివ్వండి

సేఫ్టీ మీటింగుల్లో పనివాళ్లకు క్విజ్‌లు, బహుమతులు పెట్టమని ఒక వ్యాసంలో చదివాను. బిల్డింగ్ సైట్లో పొద్దున్నే ఎండలో నిలబెట్టి క్విజ్ అంటే ఎవరికి పడుతుంది? స్టోరులోంచి పాత హార్నెస్ (ఎత్తులో పనిచేసేటప్పుడు ఒంటికి కట్టుకునే పట్టీల బెల్టు) తెచ్చి లోపాలు వాళ్లనే పట్టమనండి: తెగిన కుట్టు, వెల్డింగ్ రవ్వ పడి గట్టిపడ్డ పట్టీ, లాక్ పడని హుక్కు. తర్వాత, జారిపడితే హుక్కు కింద ఎంత ఎత్తు కావాలో టేపు పెట్టి గోడమీద కొలిపించండి. లాన్యార్డ్, అంటే హార్నెస్‌ను హుక్కుకు కలిపే తాడు, 1.8 మీటర్లు, కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ పూర్తిగా విచ్చుకుంటే మరో మీటరు పైనే, హార్నెస్ వీపు రింగు నుంచి పాదాల దాకా 1.5, పాదాల కింద వదలాల్సిన ఖాళీ 1. మొత్తం 5 దాటింది! 3 మీటర్ల ఎత్తులో కాళ్ల దగ్గర హుక్కు తగిలిస్తే నేలకు తగలడం ఖాయం. హుక్కు తల కన్నా ఎత్తులోనే తగిలించాలి, తాడు పొట్టిగా ఉండాలి. హిందీ, ఒడియా వాళ్లుంటే వాళ్ల మేస్త్రీ చేతే చెప్పించండి. సంతకాల రిజిస్టర్ మాత్రం చివర్లోనే. ముందే తిప్పారా, అందరి చూపూ పెన్ను మీదే.