బంగారక్కకి వేదిక మీద చోటివ్వండి

మన తెలుగు సంఘం పండగ కార్యక్రమాల్లో ప్రార్థన ఉంటుంది, పంచాంగ శ్రవణం ఉంటుంది, పిల్లల కూచిపూడి ఉంటుంది, అతిథుల ప్రసంగాలైతే చెప్పక్కర్లేదు. పొట్ట పట్టుకుని నవ్వే ఘట్టం ఒక్కటీ ఉండటం లేదు. అడిగితే, "సంస్కృతి కార్యక్రమం కదండీ, వెకిలి వేషాలు బాగుండవు" అంటున్నారు. నేనొప్పుకోను. మా వైపు సంస్కృతిలో సగం నవ్వే. తోలుబొమ్మలాటలో బంగారక్కే అందుకు సాక్ష్యం.

మాది కందుకూరు ప్రాంతం. మా ఊళ్లు 1970లో నెల్లూరు జిల్లా నుంచి ఒంగోలు (తర్వాత ప్రకాశం) జిల్లాలోకి వెళ్లాయి, 2022లో మళ్లీ నెల్లూరులో కలిశాయి. జిల్లా ఏదైనా తోలుబొమ్మలాట మాత్రం రెండుచోట్లా ఉంది. తెల్లటి తెర, వెనక దీపాలు, మనిషెత్తు రాముడు, రావణుడు. యుద్ధం మాంచి పట్టు మీదుండగా ఓ పొట్టి బొమ్మ మధ్యలో దూరుతుంది. నెత్తిన పిలక. వాడే జుట్టుపోలిగాడు. వెనకాలే వాడి పెళ్లాం బంగారక్క తిట్లు లంకించుకుంటుంది. బొమ్మల కాళ్లూ చేతులూ విడివిడిగా కోసి దారంతో కట్టి ఉంటాయి కాబట్టి, దెబ్బ పడ్డప్పుడల్లా ఒళ్లంతా గిలగిల్లాడుతుంది. ఆడించే ఆయన కాలికింది చెక్కను టపటపా తొక్కుతాడు. పిల్లలు దొర్లి దొర్లి నవ్వుతారు.

తెల్లవార్లూ సాగే ఆట కాబట్టి నిద్ర రాకుండా ఇదంతా పెట్టారంటారు. నిజమే, కానీ ఇంకా పెద్ద పనే ఉంది. ఊరి పెద్దల మీద రాముడి చేత అనిపించలేని మాట పోలిగాడి చేత అనిపించొచ్చు. పెద్దలూ నవ్వి ఊరుకోవాల్సిందే. బుర్రకథలోనూ అంతే, కథకుడి పక్కనుండే ఇద్దరు వంతల్లో ఒకరి పనే హాస్యం. పెళ్లిలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటల సంగతి మీకు తెలిసిందే.

ఆ హాస్యంలో బూతులున్నాయి, ఆడవాళ్లని చులకన చేసే మాటలూ ఉన్నాయి. అవి తీసేద్దాం. దానికోసం బొమ్మల్నే తీసేయక్కర్లేదు.

వచ్చే సంక్రాంతికి ఒక ఇరవై నిమిషాలు ఇవ్వండి చాలు. మేకతోలు దొరక్కపోతే అట్టముక్కలు, రంగు కాగితాలు చాలు. మాటలు పిల్లలనే రాయనివ్వండి. స్టేజి మీద తెలుగు మాట్లాడాలంటే, ఎక్కడ యాస తప్పుతుందోనని వాళ్లకి టెన్షన్. తెర వెనక నుంచైతే బంగారక్క గొంతుతో ఎంతైనా తిడతారు. మొదటి తిట్టు గంట ఆలస్యంగా వచ్చే మనకే తగలనివ్వండి.