గాయపరిచిన సంఘమూ, ఓదార్చిన సంఘమూ
క్రైస్తవ సంఘం వల్ల మనసు గాయపడినవారు ఇంట్లో ప్రార్థించుకుంటే చాలు, చర్చితో పని లేదని ఒక వ్యాసకర్త రాసిన మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. మా అమ్మగారు క్యాన్సర్‌తో చనిపోయినప్పుడు, విశ్వాసం చాలకే స్వస్థత రాలేదని సంఘ పెద్ద ఒకరు నాన్నగారి ముఖం మీదే అన్నారు. ఆ తరువాత చాలాకాలం మేము ఆ గడప తొక్కలేదు. అయితే అదే సంఘంలోని ఒక వృద్ధురాలు తరచూ మా ఇంటికి వచ్చి, ఏ బోధా చేయకుండా నాన్నగారి పక్కన కూర్చుని, గొంతు పూడుకుపోయి ఆయన మధ్యలో ఆపేసిన పాటను తాను పూర్తిచేసి వెళ్లేవారు. ఒంటరి ప్రార్థన ఇవ్వలేనిది ఇదే. బైబిల్లో తీవ్రమైన కష్టాలపాలైన యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు సైతం 7 రోజులు మౌనంగా నేల మీద కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే అతన్ని బాధపెట్టారు. బైబిల్లోని 150 కీర్తనల్లో విలాపాలు ఎన్నో ఉన్నా, 88వ కీర్తన చీకటిలోనే ముగిసినా, మన ఆరాధనల్లో స్తుతికి ఉన్న చోటు దుఃఖానికి లేకపోవడమే అసలు లోపమని నా అభిప్రాయం. సమాజంగా కూడుకోవడం మానవద్దన్న బైబిల్లోని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం 25వ వచనాన్ని గాయపడినవారి మీద ప్రయోగించేవారు, ప్రేమ చూపడానికి ఒకరినొకరు పురికొల్పుకోమన్న దాని ముందున్న 24వ వచనాన్ని ఎందుకో చదవరు. వేధింపు జరిగిన చోటికే తిరిగి వెళ్లమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు, మరో సంఘాన్ని వెతుక్కోవడం విశ్వాసాన్ని విడిచిపెట్టడం కాదు. మేము చేసినదీ అదే.