సంగటి ముద్దలో రాగిపిండి ఎంత?

అనంతపురంలో షుగర్ ఉన్నవారిని తిండి గురించి అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు, తీపి మానేసి రాత్రిపూట సంగటి తింటున్నామని. ఆ పట్టుదలను తక్కువ చేయలేం. అయితే సంగటి వండే గిన్నె దగ్గర నిలబడి చూస్తే లెక్క వేరుగా ఉంటుంది. మా ఇంట్లో చాలాకాలం రెండు గ్లాసుల బియ్యం మెత్తగా ఉడికించి, పైన ఒక గ్లాసు రాగిపిండి పోసి, కట్టెతో కెలికి ముద్దలు చేసేవాళ్లం. ముద్ద నల్లగా ఉండేది కాబట్టి రాగి తింటున్నామనే అనుకున్నాం. నిజానికి అందులో మూడింట రెండు వంతులు బియ్యమే.

పోనీ, అంతా రాగే అయినా ఎంత తిన్నా ఫరవాలేదని కాదు. వంద గ్రాముల తెల్ల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములైతే, రాగుల్లో 67 గ్రాములు. తేడా ఎక్కువగా పీచులో ఉంది: బియ్యంలో దాదాపు 3 గ్రాములు, రాగుల్లో 11. ఈ మేలు విలువైనదే కానీ, పెద్ద ముద్దలు మూడు తింటే అది నిలవదు. పిండిని మెత్తగా పట్టించి, జావగా కాచి తాగితే ఇంకా త్వరగా అరిగి రక్తంలో చక్కెర వేగంగా పెరుగుతుంది. షుగర్ ఉన్నవారు ఉదయాన్నే పెద్ద గ్లాసు రాగిజావ తాగి, మంచి పని చేశామనుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఈ మెట్ట నేలల్లో ఒకప్పుడు కొర్రలు, జొన్నలు, సజ్జలతో పాటు కందులు, అనుములు, ఉలవలు కలిసి పండేవి. వేరుశనగ విస్తరించాక చిరుధాన్యాలు వెనక్కి పోయాయి. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పేదల ఆకలి తీర్చింది, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ అన్నం చౌకైనంతగా బేడలు, అంటే పప్పులు, చౌక కాలేదు. పళ్లెంలో అన్నం పెరిగి, పప్పు నీళ్లగా మారింది. నా ఉద్దేశంలో మన భోజనంలో అసలు లోపం ఇక్కడే ఉంది.

లావుగా లేనివారికి షుగర్ రాదనుకోవడం మరో పొరపాటు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చిన మనిషి మన వీధుల్లో కొత్త కాదు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. తల్లి కడుపులో ఉన్నప్పుడు పోషణ చాలక తక్కువ బరువుతో పుట్టి, పెద్దయ్యాక తిండి పెరిగి శ్రమ తగ్గినవారికి ఈ ముప్పు ఎక్కువ. కరువులు చూసిన సీమలో ఈ వర్ణన సరిపోయే ఇళ్లు ఎన్నో ఉంటాయి. దానికి తోడు తల్లికో తండ్రికో షుగర్ ఉంటే, 30 ఏళ్లు దాటాక పరీక్ష వాయిదా వేయకూడదు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్లు, దానికి ముందు దశలో ఉన్నవారు 13.6 కోట్లు. పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 100 నుంచి 125 మిల్లీగ్రాముల మధ్య ఉండే ఈ ముందు దశలోనే తిండి మార్పు, నడక బాగా పనిచేస్తాయి.

ఇప్పుడు మా ఇంట్లో కొలత తిరగబడింది. గ్లాసు కొర్రనూకకు రెండు గ్లాసుల రాగిపిండి, మనిషికి ఒక చిన్న ముద్ద, పక్కన గట్టిగా వండిన ఆకుకూర పప్పు. బుడ్డల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) వదల్లేదు కానీ, నూనెగింజ కాబట్టి రెండు చెంచాలతో ఆపుతున్నాం. ఉగ్గాని (బొరుగుల ఉప్మా), బజ్జీ వారానికి ఒక్కరోజే. బొరుగులూ బియ్యమేనన్న సంగతి మేం గుర్తించింది ఈ మధ్యే. ఇన్సులిన్ లేదా చక్కెరను బాగా తగ్గించే మాత్రలు వాడేవారు మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఇలా తిండి ఒక్కసారిగా తగ్గించకూడదు, చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరిగే ప్రమాదం ఉంది.

పేద ఇంట్లో ఈ కొలత మారాలంటే సలహా ఒక్కటే చాలదు, బేడలు కొనే స్తోమత కావాలి. రేషన్ దుకాణంలో బియ్యం ఆగకుండా అందుతున్నట్టే, ప్రతి కార్డుకూ కందిబేడలు, సీమలోనే పండే కొర్రలు, రాగులు ప్రతినెలా అందాలని నేను కోరుతున్నాను.