పసిబిడ్డను బోర్లా పడుకోబెట్టమంటున్న మెసేజ్ నమ్మకండి

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోకి వారంలో మూడోసారి వచ్చిందీ మెసేజ్: "బిడ్డను వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయి. బోర్లా గానీ పక్కకి గానీ పడుకోబెట్టండి. తల కింద ఆవాల దిండు, అటూ ఇటూ దిళ్లు పెట్టండి. చలికి బాగా కప్పండి. మన అమ్మమ్మలు ఇలాగే పెంచారు." నెల కిందట మా చెల్లికి కాన్పయింది. సాయానికి నెల్లూరు నుంచి వచ్చిన అమ్మ కూడా ఇది నమ్మేసింది. అందుకే రాస్తున్నాను.

పాల మాట వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారనాళం కింద ఉంటాయి. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే ఎదురెక్కాలి. బోర్లా తిప్పితే వరస తిరగబడి, పాలు గాలిగొట్టం దగ్గరే చేరతాయి. పైగా మెడ నిలవని బిడ్డ ముక్కు పరుపులో కూరుకుంటే, వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 1992లో బోర్లా వద్దంది. 1994 నుంచి దేశమంతా ప్రచారం చేశారు. నిద్రలో కారణం తెలియకుండా చనిపోయే పసిబిడ్డల సంఖ్య తర్వాతి ఏళ్లలో సగానికి పైగా తగ్గింది. పాలు అడ్డుపడి పోయేవాళ్లు మాత్రం పెరగలేదు. ఇక పక్కకి పడుకున్న బిడ్డ ఇట్టే బోర్లా పడిపోతుంది.

ఆవాల దిండు తలను ముందుకు వంచుతుంది, గడ్డం ఛాతీకి ఆని ఊపిరి దారి ఇరుకవుతుంది. చీర ఉయ్యాలలో రాత్రంతా పడుకోబెట్టినా అదే ఇబ్బంది. వెల్లకిలా పడుకుంటే తల చదునవుతుందని భయమైతే, మెలకువగా ఉన్నప్పుడు మన కళ్లెదుట కాసేపు బోర్లా వేయండి. పక్కన అడ్డంపెట్టిన దిళ్లు ముక్కుకే అడ్డం పడతాయి, తీసేయండి.

నెల్లూరు ఎండలకు అలవాటైన అమ్మకు బెంగళూరు డిసెంబరు వణుకే. బిడ్డకు మాత్రం మనకన్నా ఒక్క పొర ఎక్కువుంటే చాలు. చేతులు చల్లగా ఉన్నాయని కంగారొద్దు, మెడ వెనక తడిమి చూడండి. చెమట పడితే ఒక పొర తీయాలి. పక్కలో బొంత, దుప్పటి వద్దు.

అమ్మమ్మలు బిడ్డను తల్లి గదిలోనే ఉంచారు, అది నూటికి నూరుపాళ్లు సరైనది. కనీసం 6 నెలలు అలాగే ఉంచండి, కానీ తల్లి చెయ్యి అందేంత దూరంలో విడిగా, చదునుగా, గట్టిగా ఉండే పక్క మీద. వాళ్ల కాలంలో చాప, పల్చటి బొంత ఉండేవి. మన మంచాల మీద కూరుకుపోయే ఫోమ్ పరుపులున్నాయి. "మేం బతకలేదా" అనేది బతికినవాళ్లమే. ఆ రోజుల్లో నిద్రలో పోయిన పసిగుడ్ల సంగతి ఇళ్లలో ఎవరూ ఎత్తరు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు డాక్టరు వేరేలా చెబితే ఆ మాటే వినండి. ఇంకొక్కటి: అర్ధరాత్రి పాలిస్తూ కునుకు వచ్చేలా ఉంటే సోఫాలో కూర్చోకండి, అది మంచం కన్నా ప్రమాదం. దిళ్లు, దుప్పట్లు తీసేసిన మంచం మీదే పాలివ్వండి, మెలకువ రాగానే బిడ్డను తన పక్కలోకి మార్చండి.