టీబీ కేంద్రం తొమ్మిదింటికి తెరిస్తే కలాసీ ఎప్పుడు రావాలి?

2025 నాటికి దేశంలో టీబీని అంతం చేస్తామని కేంద్ర ప్రభుత్వం గడువు పెట్టుకుంది. ప్రపంచమంతా పెట్టుకున్న 2030 కంటే ఐదేళ్ళు ముందే. 2015తో పోలిస్తే కొత్త కేసులు 80 శాతం తగ్గాలని 2017 నాటి జాతీయ వ్యూహ ప్రణాళికలో రాసుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2015లో లక్ష మందికి 237 ఉన్నది 2024కి 187 అయింది. 21 శాతం తగ్గింది. అది తక్కువేమీ కాదు. కానీ మిగతాది ఎక్కడ ఆగిపోతోందో విశాఖలో మా ఇంట్లోనే చూశాను.

మా బావ ఫిషింగ్ హార్బర్‌లో కలాసీ. తెల్లవారకముందే బోట్ల నుంచి చేపలు దించాలి, వేలం అయ్యాక లారీలకు ఎక్కించాలి. గత ఏడాది రెండు నెలలు దగ్గాడు. ఐసులో పని వల్లే అనుకుని దగ్గు మందు సీసాలు తాగించాం. చివరికి కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. పరీక్షకు పైసా తీసుకోలేదు, ఆరు నెలల మందులూ ఉచితమే. అందుకు ప్రభుత్వానికి మనస్ఫూర్తిగా దండం పెడతాను.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మొదటి వారంలోనే మూత్రం ఎర్రగా వచ్చింది. భయపడిపోయి ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాడు. టీబీ మాత్రల్లో ఉండే రిఫాంపిసిన్ మందు వేసుకుంటే అలాగే వస్తుంది, దానివల్ల హాని లేదు. మందులిచ్చిన చోట ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చిన ఆశా వర్కర్ మాత్రల షీటు చూసి, లెక్క తేడా కనిపెట్టి, "ఏం తమ్ముడూ, ఎందుకు మానేశావు?" అని పక్కన కూర్చుని అడిగింది. ఆవిడ రాకపోతే మందు ఆగిపోయేదే. మందులకు లొంగని టీబీ పుట్టేది ఇలా ఆగిపోయిన చోటే.

ఇక టీబీ రోగుల తిండికి ప్రభుత్వం ఖాతాలో వేసే నిక్షయ్ పోషణ డబ్బులు. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై 2024 నవంబరు నుంచి 1,000 అయ్యాయి. మందుతోపాటు గుడ్డు, పప్పు, పాలు కడుపులో పడాలనే కదా ఆ డబ్బు? ఖాతాకు ఆధార్ లింకు సరిగా లేదని నాలుగు నెలలు ఏమీ పడలేదు. బావ పనికి వెళ్ళలేని రోజులు కూడా అవే. అక్క గాజులు కుదువ పెట్టి ఇల్లు నడిపింది. మా వీధి చివరే వార్డు సచివాలయం ఉంది. రోగం తేలిన రోజే ఖాతా సరిచూసే పని అక్కడివాళ్ళకు ఎందుకు అప్పగించరు?

కొంచెం కోలుకుని పనిలోకి వెళ్ళాక ఇంకో తంటా. మందుల కేంద్రం తెరిచేది తొమ్మిదింటికి. ఆ వేళకు లోడింగు మధ్యలో ఉంటుంది. మందులకు వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. సాయంత్రం రెండు గంటలు హార్బర్ దగ్గరే మందులిస్తే ఎంతమంది చివరిదాకా వాడతారో!

ఆశా వర్కర్ల సంగతి కూడా చెప్పాలి. పదివేల గౌరవ వేతనానికి గర్భిణులు, టీకాలు, సర్వేలు, యాప్‌లో ఎంట్రీలు అన్నీ ఆవిడే చూసుకోవాలి. ఇంత పనిలోనూ అక్క పిల్లలిద్దరికీ పరీక్ష చేయించేదాకా మా గుమ్మం వదల్లేదు. ఆవిడకు పైనుంచి వచ్చే ఫోన్లన్నీ ఎంట్రీలు ఎన్ని అయ్యాయనే. బావ మాత్రలు మింగాడా అని ఒక్కరూ అడగలేదు. ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టండి సార్.