అక్కడ కన్నుంది మామయ్యా

నిన్న సాయంత్రం జరిగిన సంగతి. చెవులింకా వేడిగానే ఉన్నాయి, చల్లారేలోపు రాసేస్తున్నాను.

నెలకోసారి ఏడెనిమిది మందిమి ఒకచోట కూర్చుని ఏదో ఒక వీడియో గేమ్ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి గేమ్ ది లాస్ట్ గార్డియన్. మా గుంపుకు పెద్దగా చలామణీ అయ్యే మిత్రుడు మూడు వారాలు నోరు మెదపకుండా ఉండి, శుక్రవారం సాయంత్రం ఫోన్ చేశాడు. "రేపు నీ వంతురా. విమర్శకులు ఏమన్నారు, నువ్వేమంటావు. పది నిమిషాలు చాలు. ఆడావు కదా?"

"ఆడుతున్నా" అన్నాను. అప్పటికి డిస్క్ మీద ప్లాస్టిక్ కాగితం కూడా చింపలేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. శిథిలమైన ఓ పెద్ద కోటలో ఒక కుర్రాడు, వాడికి తోడుగా ట్రైకో అనే జంతువు. ఒంటినిండా ఈకలు, పిల్లి నడక, కుక్కపిల్ల చూపు, ఇంటి గదంత ఆకారం. జపనీస్‌లో ఆ పేరును ఖైదీ అనీ అనుకోవచ్చు, పక్షిపిల్ల అనీ అనుకోవచ్చు, పక్షి, పిల్లి కలిసినదనీ అనుకోవచ్చు. దర్శకుడు ఫుమితో ఉయెదా. 2001లో ఇకో, 2005లో షాడో ఆఫ్ ది కొలోసస్ చేసినాయన. ఈ మూడోదాన్ని 2009లో ప్లేస్టేషన్ 3 కోసమని ప్రకటించారు. అది బయటికొచ్చేసరికి 2016 డిసెంబరు అయింది, మెషీన్ ప్లేస్టేషన్ 4 అయింది.

అసలు కిటుకేమిటంటే, ఈ జంతువు మన మాట వెంటనే వినదు. బటన్ నొక్కితే కుర్రాడు అరుస్తాడు, చెయ్యి చాపి చూపిస్తాడు. అది వాడివైపు చూస్తుంది. తల పక్కకి వంచుతుంది. తీరిగ్గా చెవి గోక్కుంటుంది. బుద్ధి పుడితే కదులుతుంది. కావాలనే అలా చేశారు. విమర్శకులు కొట్టుకున్నదీ ఇక్కడే. రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్ అనే సైట్‌లో నూటికి 82 వచ్చింది కదా అని అందరూ ఒక్క గొంతుతో మెచ్చుకున్నారనుకునేరు. ఇంత ప్రాణమున్న జంతువును ఇంతకుముందు ఏ గేమ్‌లోనూ చూడలేదని కొందరు కరిగిపోయారు. మాట వినని జంతువు, మనకు గేమ్‌ను చూపిస్తూ ఎటు తిరుగుతుందో తెలియని కెమెరా, చేతికి లొంగని కంట్రోల్స్, మధ్యమధ్యలో నత్తనడక నడిచే ఫ్రేములు (తెర మీద ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మలు) అని కొందరు పళ్ళు నూరారు. చిత్రమేమిటంటే చాలా చోట్ల ఈ కరిగినవాడూ ఆ నూరినవాడూ ఒకడే. మొదటి పేరాలో కన్నీళ్ళు, మూడో పేరాలో తిట్లు.

నాకు ఇది భలే నచ్చింది. పది నిమిషాల ఉపన్యాసానికి ఇంతకంటే ఏం కావాలి? ఒక పక్క రివ్యూలు చదువుతూ, ఇంకో పక్క గేమ్ ఆడుతూ, ఒక్క రాత్రిలో రెండు పనులూ కానిచ్చేద్దామనుకున్నాను. ఇంట్లో అందరూ పడుకున్నారని టీవీ సౌండ్ పూర్తిగా తీసేశాను. ఫోన్ ఎడమ మోకాలి మీద, కంట్రోలర్ చేతిలో.

మొదలుపెట్టడం, ట్రైకో ఒంట్లో దిగిన ఈటెలు పీకడం, దానికి పీపాలు తినిపించడం, ఇవన్నీ బాగానే జరిగాయి. ఆ తర్వాత ఒక చోటికి వచ్చాం. ఇటు మేము, అటు ఓ రాతి అరుగు, మధ్యలో అగాధం. ట్రైకోకి అదొక లెక్కా? ఒక్క గెంతు. నేను మెడ మీద ఎక్కి కూర్చుని, అటు చూపించి, "దూకు" అన్నాను.

దూకలేదు.

అక్కడ నలభై నిమిషాలు గడిచాయి. అంకె కచ్చితంగా ఎలా తెలుసంటే, ఈ లోపల ఫోన్‌లో నాలుగు రివ్యూలు చదివి, రెండు మంచి వాక్యాలు నోట్ చేసుకుని, ఛార్జింగ్ పెట్టి వచ్చాను. మొదట్లో "దూకు నాన్నా" అన్నాను. తర్వాత "మా బుజ్జి కదూ". ఆడా మగా అని ఆలోచించే ఓపిక లేక "మా తండ్రే", "మా తల్లే" అని రెండు విధాలా బతిమాలాను. ఇరవయ్యో నిమిషానికి "నీకేం పోయేకాలం వచ్చిందే" దాకా వచ్చాను. ముప్పయ్యో నిమిషంలో, ఇది నేను ఎవరికీ చెప్పలేదు, "అయ్యా, తమరు దయచేసి ఒక్కసారి దూకండి" అన్నాను. సౌండ్ తీసేసిన టీవీకి గుసగుసగా దండాలు పెడుతున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? మా ఆవిడ చూసింది. నీళ్ళు తాగడానికి వచ్చి, నావైపు ఒకసారి, ట్రైకోవైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆ ఏమీ అనకపోవడమే ఎక్కువ బాధించింది.

దువ్వితే శాంతిస్తుందని ఎవరో రాశారు. దువ్వాను. బొటనవేలు తిమ్మిరెక్కేదాకా దువ్వాను. అది మాత్రం నన్ను మోస్తూ నెమ్మదిగా వెనక్కి వెనక్కి జరిగింది. పొగరు అనుకున్నాను. ఇక కెమెరా సంగతి. ఏ మహానుభావుడు దాన్ని అక్కడ పెట్టాడో గానీ, ట్రైకో ఇరుకులో తిరిగినప్పుడల్లా అది దాని ఒంట్లోకే దూరిపోయేది. ఆ నలభైలో పాతిక నిమిషాలు నేను చూసింది ఈకలే. నిజం చెప్పాలంటే ఈకలు అద్భుతం. తెల్లటి మొదలు, ముదురు బూడిదరంగు కొస, ఏ ఈక గాలికి ఆ ఈకే విడిగా లేస్తుంది. ఏడేళ్ళూ వీటికే పట్టిందేమో అనిపించింది. విమర్శకుల పళ్ళు నూరుడు నాకు పూర్తిగా అర్థమైంది. గేమ్ ఆపేసి, మంచి కసి మీద మూడు పేజీలు రాశాను.

రాస్తే రాశాను, సాక్ష్యం కూడా చూపిస్తే బావుంటుందనిపించింది. ప్లేస్టేషన్ 4లో ఆడిన ఆఖరి పదిహేను నిమిషాలు దానంతటదే రికార్డు అయి ఉంటాయి, షేర్ బటన్ నొక్కితే దాచుకోవచ్చు. నొక్కాను. ఈ తెలివి నాకెవరిచ్చారో.

నిన్న సభ. మా అక్క కూతురు చిన్నిని వాళ్ళమ్మ నాకు అప్పగించి ఏదో పని మీద వెళ్ళింది కాబట్టి అదీ నాతో వచ్చింది. పదకొండేళ్ళు. మూల కుర్చీలో కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది. నేను మొదలుపెట్టాను. 82 సంగతి చెప్పాను, కన్నీళ్ళూ తిట్లూ చెప్పాను. మధ్యలో మా వాళ్ళలో ఒకాయన లేచి, అప్‌డేట్ వేయకుండా డిస్క్‌లో ఉన్న మొదటి వెర్షన్‌నే ప్లేస్టేషన్ 5లో ఆడితే సెకనుకు 60 ఫ్రేములు వస్తాయి తెలుసా అన్నాడు. తెలుసండీ. పోయిన నెల వేరే గేమ్ గురించి మాట్లాడుకుంటున్నప్పుడు కూడా ఇదే చెప్పారు. ఆయన కూర్చున్నాక నా అసలు వాక్యం వదిలాను. "ఏడేళ్ళు శ్రమపడి వీళ్ళు సృష్టించింది ప్రాణమున్న జంతువును కాదు, పెంకితనాన్ని!" చప్పట్లు పడ్డాయి. నిజంగానే పడ్డాయి. ఆ ఊపులో వీడియో పెట్టాను.

టీవీలో ట్రైకో. నేను "దూకు" అనడం, అది వెనక్కి జరగడం. అందరూ నవ్వుతున్నారు. రెండు నిమిషాలైంది.

"భయపడుతోంది మామయ్యా" అంది చిన్ని, పెన్సిల్ ఎత్తకుండానే.

"ఎవరు?"

"అదే. అక్కడ కన్నుంది మామయ్యా, దాన్ని చూసి."

అవతలి అరుగు మీద, ఎడమ పక్కన, రంగు అద్దాలతో చేసిన గుండ్రటి కన్ను. ట్రైకోకి ఆ కన్నంటే చచ్చేంత భయం. అది ఉన్నవైపు అడుగు కూడా వెయ్యదు. కుర్రాడు ముందు వెళ్ళి దాన్ని తీసెయ్యాలి. పక్కనే గోడ వెంబడి మనిషి పట్టే దారి కూడా ఉంది. ఆ సంగతి గేమ్ చెప్పలేదా? చెప్పింది. ఆ కుర్రాడే పెద్దవాడయ్యాక ఈ కథంతా చెబుతుంటాడు. మనం ఎక్కడైనా ఇరుక్కుపోతే ఒక మాట సాయం చేస్తాడు. వీడియోలో కింద అక్షరాలుగా వచ్చింది కూడా, అది ఆ కన్నును చూసి బెదురుతోందని. నేను అప్పుడు మోకాలి మీది ఫోన్‌లో ఈ జంతువు ప్రవర్తన ఎంత అస్పష్టమో ఎవరో రాసినది చదువుతున్నాను. కాసేపయ్యాక ఆ అక్షరాలు మళ్ళీ వచ్చాయి. అప్పుడు ఛార్జింగ్ పెట్టడానికి వెళ్ళినట్టున్నాను.

మా మిత్రుడు రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పాడు. "ఆగండాగండి, ఇంకోసారి చూద్దాం" అన్నాడు. మూడుసార్లు చూశారు. నా ఫోన్ ఎత్తడానికి నెలకు ఒక్కసారి తీరిక దొరకని మనిషికి, పదిహేను నిమిషాల వీడియోలో నా పరువుకు సంబంధించిన ఆ పది సెకన్లు తడుముకోకుండా ఎలా దొరికాయో అర్థం కాదు. 60 ఫ్రేములాయన మాత్రం, ప్లేస్టేషన్ 5లో అయితే ఆ కన్ను ఇంకా స్పష్టంగా కనిపించేదని నన్ను ఓదార్చాడు.

కెమెరా బాగోలేదని నేను ఇప్పటికీ అంటాను. అన్నాను కూడా. ఎవరూ వినలేదు.

ఇంటికొచ్చి, సౌండ్ పెట్టి, ఫోన్ పక్క గదిలో పడేసి, మళ్ళీ అక్కడికే వెళ్ళాను. గోడ వెంబడి పాక్కుంటూ అవతలికి చేరాను. ఈకల్లేని చోట కెమెరా బుద్ధిగానే ఉంది. కన్నును భుజంతో నెట్టాను. అది అంచు దాటి అగాధంలో పడి, చాలాసేపటికి భళ్ళుమంది. ఇవతల నుంచి ట్రైకో చెవులు రిక్కించింది.

వెనక్కి వెళ్ళి దాని మీద ఎక్కి రాజాలా దూకుదామని, మళ్ళీ గోడ పట్టుకుని పాకుతూ సగం దారి వచ్చాను. నా నెత్తి మీదుగా ఈకల మేఘమొకటి వెళ్ళింది. ట్రైకో అటు దూకేసింది.