ఆట మూడు నెలలు, గడ్డి దాహం పన్నెండు నెలలు

మొన్న సంక్రాంతికి మా అక్క కొడుకు టొరంటో నుంచి వచ్చాడు. కనుమ నాడు పొద్దున్నే ఇద్దరం పొలం వైపు నడిచాం. వరి కోసేసిన మడిలో జానెడు ఎత్తు మినుము, గట్టంతా మంచు తడి. వాడు వంగి గట్టు మీద గరిక గుప్పెడు పీకాడు, వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "మామయ్యా, దీన్ని అక్కడ బెర్ముడా గడ్డి అంటారు. చలికాలంలో సెలవు పెట్టి మేం ఫ్లోరిడా వెళ్లేది దీని మీద ఆడడానికే" అన్నాడు.

వాడన్నది నిజం. వేడి దేశాల గోల్ఫ్ మైదానాల్లో ఎక్కువగా కనిపించేది ఈ గరికే, లేదంటే దీన్ని ఆఫ్రికా గడ్డితో కలిపి తీసిన సంకర రకాలు. వినాయక చవితి పత్రిలో దూర్వాయుగ్మం అని చదివి పెడతామే, అదే. మిగతా రోజుల్లో కలుపని పీకి గట్టు మీద పారేస్తాం.

ఆ పొద్దున మొదలైన ఆలోచన నన్ను ఇంకా వదల్లేదు. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచి మా విజయనగరం జిల్లాలో నలుగురు కలిస్తే రిసార్టుల మాటే. ఆ మాటల్లో గోల్ఫ్ కూడా దొర్లుతోంది. విదేశాల వాళ్లు చలికాలంలో వెచ్చని చోటు వెతుక్కుంటూ గోల్ఫ్ ఆడడానికి వెళ్తారట కదా, మనకి అంత మంచి చలికాలం ఉంది కదా, మైదానం కడితే రారా అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కొట్టిపారేయకుండా లెక్క వేసి చూడాలి.

ముందు ఆ ప్రయాణం సంగతి. ఉత్తర యూరప్‌లో, కెనడాలో డిసెంబరు వస్తే గోల్ఫ్‌కి తాళం పడినట్టే. మంచు గడ్డకట్టిన గడ్డి మీద నడిస్తే ఆకు చిట్లి నల్లబడుతుంది, అందుకే చాలా చోట్ల మైదానాలు మూసేస్తారు. లండన్‌లో ఆ నెలలో పొద్దు ఎనిమిదికి పొడిచి నాలుగు కాకముందే గుంకుతుంది. 18 హోల్స్ ఆట, అంటే బంతిని వరసగా 18 గుంటల్లో వేసే ఆట, ఒకటి పూర్తవడానికి నాలుగు గంటలు పైనే పడుతుంది. అంటే ఉన్న వెలుగులో సగానికి పైగా దానికే సరి. ఇక్కడ డిసెంబరులో కూడా పదకొండు గంటల వెలుగు ఉంటుంది. అందుకే అక్కడి వాళ్లు విమానం టికెట్టు, హోటలు, ఆట రుసుము కలిపి ఒక వారం ప్యాకేజీ కొనుక్కుని పోర్చుగల్ అల్గార్వ్‌కో, స్పెయిన్ దక్షిణ తీరానికో, టర్కీలో బెలెక్‌కో, థాయ్‌లాండ్‌కో వెళ్తారు.

అల్గార్వ్ కథ మన వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. అక్కడ ఫారో విమానాశ్రయం 1965లో తెరిచారు. ఆ మరుసటి ఏడాదే పెనీనాలో మొదటి పెద్ద గోల్ఫ్ మైదానం వచ్చింది. బ్రిటిష్ ఓపెన్ మూడుసార్లు గెలిచిన హెన్రీ కాటన్ దాన్ని వేసింది ఒకప్పటి వరిపొలాల మీద. విమానాశ్రయం, వరిపొలం, ఆ వెంటనే గోల్ఫ్. భోగాపురం వాళ్లు ఎవరు విన్నా 'అచ్చం మన కథే' అంటారు.

నా అభిప్రాయంలో కాదు. అక్కడికి జనం వచ్చేది ఎండాకాలంలో, సముద్రం కోసం. చలికాలం వస్తే హోటళ్లు ఖాళీ, సర్వర్లకి పని ఉండదు, విమానాల్లో సీట్లు మిగిలిపోతాయి. ఆ ఖాళీ నింపడానికి గోల్ఫ్ పనికొచ్చింది. వచ్చేవాడికి అది అన్‌సీజన్ ధర, హోటలు వాడికి ఊరికే పడి ఉన్న గది. రెండు వైపులా లాభం ఉంది కాబట్టే అది అంతకాలం నిలబడింది. అల్గార్వ్ అంతా కలిపి ఇప్పుడు దాదాపు నలభై మైదానాలున్నాయి. వారం రోజుల కోసం వచ్చినవాడు రోజుకొకటి మార్చి ఆడతాడు.

మన దగ్గర తిరగబడి ఉంది. చలికాలం మనకి అన్‌సీజన్ కాదు, అసలు సీజనే అది. డిసెంబరులో అరకు వెళ్లిన వాళ్లని అడగండి, గది దొరికిందా అని. ధనుర్మాసం, సంక్రాంతి, అరసవల్లిలో రథసప్తమి, ఆ వెనకే పెళ్లిళ్లు. మనకి ఖాళీగా ఉండేది ఏప్రిల్, మే నెలలు. ఉక్కపోత తట్టుకోలేక ఇక్కడి వాళ్లమే తలుపులేసుకుని కూర్చునే ఆ రోజుల్లో గోల్ఫ్ ఆడడానికి ఎవరొస్తారు? అక్కడ గోల్ఫ్ తీర్చిన ఇబ్బంది మనకి లేదు, మనకున్న ఇబ్బంది గోల్ఫ్ తీర్చలేదు. పైగా మనకి దగ్గర్లో చెప్పుకోదగ్గ మైదానం విశాఖలో ఉన్నది ఒక్కటే. రెండు మైదానాల కోసం లండన్ నుంచి ఎవరూ వారం రోజులు రారు.

ఇక నీళ్లు. నేను గట్టిగా పట్టుబట్టేది ఈ లెక్క దగ్గరే. 18 హోల్స్ మైదానానికి నూట పాతిక ఎకరాలు అనుకుందాం. అందులో 80 ఎకరాలకే నీళ్లు పెడతారనుకుందాం. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు నీళ్లు నిలబెట్టాలంటే సుమారు 4 వేల లీటర్లు కావాలి. మే ఎండల్లో గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకి అయిదు మిల్లీమీటర్లైనా పెట్టక తప్పదు. మొత్తం రోజుకి 16 లక్షల లీటర్లు. జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు లెక్క కట్టింది. ఆ లెక్కన ఇవి 29 వేల మంది నీళ్లు.

ఇంకొక్క సంగతి గమనించండి. ఆడేవాళ్లు వచ్చేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. గడ్డికి దాహం ఎక్కువయ్యేది మార్చి నుంచి జూన్ దాకా. ఒక్క అతిథీ లేని నెలల్లో, ఊళ్లలో బిందెలు వరసలో పెట్టే నెలల్లో, ఆ మైదానం అందరికంటే ఎక్కువ నీళ్లు తాగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఇన్ని కుటుంబాలు నలిగిపోయాక, హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చుకోవాల్సి వచ్చాక, నీళ్ల మాట తేలిగ్గా మాట్లాడే హక్కు ఈ ప్రాంతంలో ఎవరికీ లేదు.

అయితే గోల్ఫ్ వద్దే వద్దని చెప్పడానికి నేనిది రాయడం లేదు. మళ్లీ ఆ గరిక దగ్గరికే వస్తాను.

అరిజోనాలో, ఫ్లోరిడా ఉత్తర భాగంలో చలికాలం రాగానే ఈ గడ్డి నిద్రపోయి గోధుమ రంగుకి తిరుగుతుంది. వచ్చిన వాళ్లకి పచ్చగా కనిపించాలని ఏటా దాని మీద వేరే చలికాలపు గడ్డి విత్తనం చల్లి, అది మొలిచేదాకా నీళ్లు కొడతారు. మన తీరంలో జనవరి రాత్రి కూడా వేడి 17, 18 డిగ్రీల దాకానే దిగుతుంది. గరిక నిద్రపోదు. వానాకాలం నీళ్లు తాగి, సంక్రాంతికి ఇంకా పచ్చగానే ఉంటుంది. డబ్బు పెట్టినా వాళ్లకి దొరకనిది మనకి ఊరికే ఉంది.

అంతకంటే పెద్ద గుణం ఇంకోటుంది. ఎండాకాలంలో దానికి నీళ్లు మానేస్తే చావదు. మా పొలం గట్టే చూశాను. ఏప్రిల్‌కి అది కాలితే గుచ్చుకునేంత ఎండిపోతుంది, చూసినవాళ్లు పోయిందనుకుంటారు. మొదటి రెండు వానలు పడ్డాయంటే వారం తిరక్కుండా కణుపు కణుపుకీ చిగురు. ఏళ్ల తరబడి పీకుతున్న రైతుకి ఈ మొండితనం బాగా తెలుసు. అలాంటప్పుడు ఏడాది పొడవునా పచ్చగా ఉండాలని పంతం ఎందుకు? గోల్ఫ్ పుట్టిన స్కాట్లండ్‌లో సముద్రపు ఒడ్డు మైదానాలు ఎండ ముదిరితే గోధుమ రంగులోకి మారతాయి, వాటి మీదే ఆడతారు. మనం తొమ్మిది హోల్స్ చిన్న మైదానం వేసుకుని, మార్చిలో నీళ్లు ఆపేసి, గరికని దాని మానాన వదిలేయవచ్చు. గుంటల చుట్టూ ఉండే నున్నటి గ్రీన్స్‌కి మాత్రం కొద్దిగా తడి కావాలి. దానికి విమానాశ్రయంలో, హోటళ్లలో వాడి వదిలేసి శుద్ధి చేసిన నీళ్లు చాలు. చంపావతి నది నుంచి గానీ బోరు నుంచి గానీ చుక్క తీయకూడదు.

ఎవరొస్తారంటారా? మా మేనల్లుడు వస్తాడు. నేను హాస్యానికి అనడం లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో డాలస్, న్యూజెర్సీ, టొరంటో నుంచి మన పిల్లలు ఎలాగూ ఇళ్లకి వస్తున్నారు. అక్కడ ఈ ఆట నేర్చుకున్న వాళ్లు వాళ్లలో ఎందరో. రెండు వారాల సెలవులో నాలుగు రోజులు అమ్మానాన్నలని రామతీర్థం, శ్రీకూర్మం, శాలిహుండం తిప్పి, ఒక పొద్దున గోల్ఫ్ ఆడి, సాయంత్రానికి ఇంటికొచ్చి అరిసెలు తింటారు. విమానం టికెట్టు వాళ్లు ముందే కొనేసుకున్నారు, మనం ప్యాకేజీ అమ్మక్కర్లేదు. కొత్త జనాన్ని వెతికేకంటే వచ్చేవాళ్లని ఇంకో రోజు ఆపుకోవడం మేలు.

చోటు విషయంలో కూడా జాగ్రత్త కావాలి. సముద్రం కనిపించాలని ఒడ్డునే కడతామంటారు. మన తీరానికి ఆ చలికాలంలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రిసార్టు లైట్ల వెలుగుకి పిల్లలు సముద్రం అనుకుని ఊరి వైపు పాకి చచ్చిపోతాయి. సరుగుడు తోటలు కొట్టేయడం ఇంకా పెద్ద తప్పు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లకి గాలిని ఆపే చెట్టు విలువ ఒకరు చెప్పాలా?

ఉద్యోగాల మాట తప్పకుండా వస్తుంది. మా మత్స్యకారులు చలికాలమంతా గుజరాత్ వెళ్లి వేరేవాళ్ల బోట్ల మీద కూలికి పనిచేస్తున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లిన వాళ్లలో కొందరు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. వాళ్ల ఊరి పక్కనే పని పుడుతుందంటే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ గడ్డి కోసే మనిషికి, ఆటగాడి సంచీ మోసే క్యాడీకి మూడు నెలల జీతం ఇచ్చి, మిగతా తొమ్మిది నెలలు ఇంటికి పొమ్మంటే అది ఉద్యోగం కాదు. పన్నెండు నెలల జీతం ఒప్పందంలోనే రాయాలి. ఎండాకాలంలో వాళ్లకి చెట్లు పెంచే పని, చెరువు పూడిక తీసే పని అప్పగించవచ్చు.

ఈ జిల్లాల్లో ఎక్కడైనా గోల్ఫ్ కోసం భూమి అడిగితే, ముందు ఆ ఊరి గ్రామసభలో ఒక కాగితం పెట్టాలి. అందులో మే నెలలో రోజుకి ఎన్ని లీటర్లు, అవి ఎక్కడి నుంచి, ఆ నెలలో ఎంతమందికి జీతం అన్న మూడూ తెలుగులో రాసి ఉండాలి. డిసెంబరు లెక్కలు చూపిస్తే తీసుకోవద్దు.